తల దక్షిణానికి, మెదడు మోకాలికి

గవర్రాజుకి దురలవాటు ఒక్కటే. పొగ తాగడు, పేకాడడు, ఆఫీసులో కునుకు కూడా తియ్యడు. కానీ ఎదుటివాడు "ఇప్పుడేం చేద్దాం?" అన్నాడంటే చాలు, ఇతని నాలుక చివర ఒక సలహా సిద్ధంగా ఉంటుంది. అది మంచిదో చెడ్డదో చూసుకునేలోపే నోరు దాటేస్తుంది. "మీ నోటికి తాళం వెయ్యాలండీ" అని పెళ్ళయిన కొత్తలోనే సుభాషిణి చెప్పింది. పెళ్ళాం మాట విన్న మగవాడు లోకంలో ఎక్కడున్నాడు గనక? ఇతనూ వినలేదు.

సుభాషిణి పలాసలో సర్కారు బడి లెక్కల టీచరు. గవర్రాజు ఉద్యోగం కాకినాడలో. వాళ్ళ కాపురమంతా రైల్వే వాళ్ళ దయమీదే నడుస్తోంది. ఒక వారం ఇతను కాజాల పెట్టె పట్టుకుని పలాస వెళితే, ఇంకో వారం ఆవిడ జీడిపప్పు పొట్లం పట్టుకుని కాకినాడ వస్తుంది. భార్యాభర్తల కోటాలో ఆవిడకి కాకినాడ బదిలీ కోసం ఏటా అర్జీ పెట్టుకోవడం, ఏటా "పరిశీలనలో ఉన్నది" అనిపించుకోవడం. ఒకే ఇంట్లో ఒకే కుక్కరు పెట్టుకుని తినాలన్నదే ఇద్దరి కోరిక. పాపం, అంతకుమించిన ఆశలేమీ లేవు.

ఈ ఏడు బదిలీలకి కొత్త రూలొకటి వచ్చింది. పై అధికారి ఒకాయన ఏదో దేశం వెళ్ళి, అక్కడ ఆసుపత్రిలో ఒక యంత్రాన్ని చూసొచ్చాడు. మనిషిని పెద్ద అయస్కాంతపు గొట్టంలోకి తోస్తే, మెదడులో అగ్గిపెట్టంత చోటు ఎంచుకుని, అక్కడి రసాయనాలు ఒక్కొక్కటీ ఏ శ్రుతిలో మూలుగుతున్నాయో విని, ఏది ఎంతుందో లెక్క చెబుతుంది. డాక్టర్లు దాన్ని జబ్బులు తెలుసుకోవడానికి వాడుకుంటారు. మనవాళ్ళు అంత చిన్న పనితో సరిపెట్టుకుంటారా? "ఇంతకాలం ఉద్యోగి పని చూసి తెలివిని ఊహించాం. ఇది అశాస్త్రీయం. ఇకపై తెలివినే నేరుగా కొలిచెదము" అని ఉత్తర్వు దిగింది. బదిలీ కావాలన్నా, ప్రమోషన్ కావాలన్నా మేధా ధ్రువపత్రం జతచెయ్యాలి. కొలవడానికి కాకినాడలో విద్యాశాఖ కిందే మేధో మాపన సంస్థ వెలిసింది. ఫిజిక్సులో డాక్టరేటు పుచ్చుకున్న గవర్రాజు అందులో మాపనాధికారి.

"సుభా, ఈసారి మన బదిలీ ఖాయమే! కొలిచేది నేనేగా" అన్నాడు ఫోన్లో.

"నా బుర్ర సంగతి సరే. మీరు మాత్రం ఎవరికీ ఏ సలహా ఇవ్వకండి" అంది సుభాషిణి.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. గుమ్మడికాయ కొట్టడానికి తెచ్చిన కత్తిని అయస్కాంతం లాక్కుంటుందని గవర్రాజు అడ్డుపడితే, వరండాలోనే కొట్టి దిష్టి తీశారు. మొదట కొలిపించుకోవడానికి డైరెక్టరు విభూషణరావు గారు స్వయంగా యంత్రం బల్లెక్కారు. ఆయన మనిషి చిన్నవాడు, మాట పెద్దది. తలకి తొడిగే తీగచుట్టల కాయిల్ ఒకటుంది, స్టాఫ్ దాన్ని బుట్ట అంటారు. గవర్రాజు ఆ బుట్టని ఆయన తలకి పెట్టబోతుండగా, "ఆగండాగండి!" అని గుమ్మంలోంచి కేక వినపడింది.

ఆ కేక వేసింది సంస్థ వాస్తు సలహాదారు సిద్ధాంతి గారు. ఆయన చేతిలో దిక్సూచి ఉంది. గుమ్మం ఇవతల నిలబడి దాన్ని ఎటు తిప్పినా ముల్లు యంత్రం వైపే తిరుగుతోంది.

"చూశారా? ఉత్తర దిక్కంతా ఈ గొట్టంలోనే కూర్చునుంది. ఎటునుంచి తల దూర్చినా ఉత్తరానికి తల పెట్టినట్టే. ఉత్తరానికి తల పెట్టుకు పడుకునే కదండీ పూర్వం ఆ ఏనుగు తల పోగొట్టుకుంది!" అన్నారు సిద్ధాంతి గారు.

డైరెక్టరు గారు బల్ల మీంచి దిగిన వేగం ఆయన సర్వీసులోనే రికార్డు. మెడ తడుముకుని, తల ఉందని నిర్ధారించుకుని, నిట్టూర్చారు.

"అది అయస్కాంతం కాబట్టి ముల్లు అటు తిరుగుతుందండి" అన్నాడు గవర్రాజు.

"నేనూ అదే కదయ్యా అంటున్నాను!" అన్నారు సిద్ధాంతి గారు.

"యంత్రాన్ని కదిలించుటకు వీలున్నదా?" అడిగారు డైరెక్టరు గారు.

"లేదండి. కదిలించినా ఉత్తరం దాంతోనే వస్తుంది కదండీ" అన్నాడు గవర్రాజు.

"అయితే ఇప్పుడేం చేద్దాం?"

అదుగో, ఆ మాట అనకుండా ఉండాల్సింది. గవర్రాజు నోరు దానంతటదే తెరుచుకుంది. "కాళ్ళు ముందు పంపిస్తే తల దక్షిణానికి వచ్చేస్తుందండి" అనేశాడు. ఆ పని ఎంత అర్థంలేనిదో చెప్పడానికే అన్నాడు గానీ, ఆ ముక్క చెప్పేలోపే చప్పట్లు మొదలయ్యాయి. సిద్ధాంతి గారు కళ్ళు మూసుకుని "దివ్యం" అన్నారు.

"కానీ సార్, అప్పుడు బుట్టలో పడేది మోకాలండి. మెదడు బయటే ఉండిపోతుంది" అన్నాడు గవర్రాజు కంగారుగా.

డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "ఏమయ్యా గవర్రాజూ, మోకాలిలో ప్రవహించు రక్తము వేరు, మెదడులో ప్రవహించు రక్తము వేరా? మనిషి ఒక్కడే కదా. శరీరము అఖండము. దానిని తల అనియు, కాలు అనియు విభజించుట సంకుచిత దృష్టి. దీనిని మనం అఖండ శరీర సిద్ధాంతమని పిలిచెదము."

మర్నాటికల్లా ఉత్తర్వు అచ్చయింది. బుట్టలో రెండు మోకాళ్ళూ పట్టవు కాబట్టి మగవారికి కుడి మోకాలు, ఆడవారికి ఎడమ మోకాలు కొలవాలని సిద్ధాంతి గారు ఒక క్లాజు చేర్పించారు. కన్నదిరితే చూసే పద్ధతే ఇదీనట. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి, తెలిసిన రసాయనాలు తెలిసిన పాళ్ళలో కలిపిన ప్లాస్టిక్ సీసా ఒకటి ఇస్తారు. రోజూ పొద్దున్నే దాన్ని కొలిచి చూసుకోవాలి. ఇకమీదట ఆ సీసా మూతని కూడా దక్షిణానికే పెట్టాలన్నారు. గవర్రాజు పెట్టాడు. సీసాకి దిక్కులతో పనిలేదు గనక ఎప్పటిలాగే సరైన అంకెలే ఇచ్చింది.

కొలతలు మొదలయ్యాయి. ఉద్యోగి వెల్లకిలా పడుకుంటాడు. కాళ్ళు గొట్టంలోకి వెళతాయి. తల బయటే ఉండి, పైకప్పు చూస్తూ, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతుంది. కొందరు టీ కూడా తాగారు. మొదటి రోజు ఫలితాలు చూసి గవర్రాజు నుదురు కొట్టుకున్నాడు. నాడీకణాలున్న చోట ఎన్.ఏ.ఏ. అనే రసాయనం తప్పకుండా కనపడుతుంది. అది డైరెక్టరు మొదలు డ్రైవరు దాకా ఒక్కరిలోనూ లేదు.

"అందరికీ సున్నాయేనండి. ఇలా ఉండకూడదండి" అన్నాడు డైరెక్టరు గారితో.

"అందరికీ ఒకటే వచ్చిందా?"

"ఆయ్, ఎన్నిసార్లు కొలిచినా సున్నాయేనండి."

"ఎన్నిసార్లు కొలిచినా మారలేదంటే అంతకు మించిన ఖచ్చితత్వమేమున్నదయ్యా? శాఖాపరముగా మన సగటు సున్నా. సగటుగా ఉండుటయే ఆరోగ్యము. కావున సున్నాయే ఆరోగ్యము" అని డైరెక్టరు గారు సంతకం పెట్టేశారు.

ఆ మాటకొస్తే ఖచ్చితత్వంలో వంక పెట్టడానికేమీ లేదు. తల కదులుతుంది, దగ్గుతుంది, ఇంటి సంగతులు గుర్తొచ్చి గింజుకుంటుంది. మోకాలికి ఆ గోలేమీ లేదు. దాని పాటికది పడుకుంటుంది. తెరమీద రసాయనాల గీతలు సూదుల్లా వచ్చాయి. కండలో క్రియాటిన్ అనే రసాయనం దండిగా ఉంటుంది కాబట్టి దానికి "కార్యదక్షత" అని పేరు పెట్టి మార్కులు కేటాయించారు. పెద్ద అధికారుల మోకాళ్ళ దగ్గర కొవ్వు గీత కొండంత లేచేసరికి కాసేపు ఇబ్బందిపడ్డారు గానీ, ఫలితాలు సరిచూడటానికి వేసిన ఖచ్చితత్వ సంఘం కూర్చుని దానికి "అనుభవ నిల్వ" అని పేరు పెట్టడంతో గౌరవం నిలిచింది. జాయింట్ డైరెక్టరు సత్యకేశవులు గారికి మోకాలు మార్పిడి జరిగింది. లోపలున్న లోహం వల్ల ఆయన ఫలితం ఉండాల్సిన చోట ఒట్టి నల్లటి మచ్చ వచ్చింది. ఆయన ఆలోచనలకి అతీతమైన స్థితికి చేరుకున్నారని తేల్చి, శాలువా కప్పి, ఇంటికి పంపేశారు.

మార్కులు మోకాలిలో ఉన్నాయని తెలిశాక జనం ఊరుకుంటారా? ఊరంతా మేధా మర్దన కేంద్రాలు వెలిశాయి. నువ్వులనూనె ధర పెరిగింది. చిన్నప్పుడు ఏ గుంజీలకి భయపడి బడి ఎగ్గొట్టారో ఆ గుంజీలే ఇప్పుడు కొలువుకి దిక్కయ్యాయి. పొద్దున్నే ఏ ఆఫీసుకి వెళ్ళినా గుమస్తాలు, సూపరింటెండెంట్లు వరసగా నిలబడి, చెవులు పట్టుకుని, లేస్తూ కూర్చుంటూ కనపడేవారు. పనిమీద వచ్చిన జనం, ఇన్నాళ్ళకి వీళ్ళకి సిగ్గొచ్చిందనుకుని సంతోషించి వెళ్ళిపోయేవారు.

"గుంజీలు తీసిన బుద్ధి వచ్చునని మన పూర్వులు ఊరకనే అన్నారా?" అని డైరెక్టరు గారు ప్రతి సభలోనూ అడిగేవారు. ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. నిజం తెలియనివాడు అక్కడ ఒక్కడూ లేడు. బల్లమీద పడుకున్న ప్రతివాడూ పైకప్పు చూసినవాడే. తన తల లోపలికి వెళ్ళలేదని ప్రతి తలకీ తెలుసు. కానీ మార్కులొచ్చినవాడికి చెప్పాల్సిన అవసరం లేదు, రానివాడు చెబితే ఏడుపనుకుంటారు. గవర్రాజు కూడా నోరెత్తలేదు. సలహా ఎవరిదో అందరికీ తెలుసు మరి.

సుభాషిణి వంతు వచ్చింది. పలాస బండి దిగి, కుంటుకుంటూ వచ్చింది. అంతకుముందు వారం కాకినాడ వద్దామని కదులుతున్న బండి కోసం పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద పడి, ఎడమ మోకాలు వాచబెట్టుకుంది. ఆ సంగతి మొగుడికి చెబితే రాత్రికి రాత్రి బయల్దేరి వస్తాడని చెప్పలేదు. వాచిన మోకాలు చూడగానే గవర్రాజు బుట్టని పక్కన పెట్టేశాడు.

"ఇంకో రోజు పెట్టుకుందామా సుభా?"

"దేనికండీ? తల బాగానే ఉందిగా" అని బల్లెక్కింది. ఆవిడకి ఇతను అసలు విషయం చెప్పి ఉంటే కదా.

వాచిన మోకాలిలో ఉన్నదంతా నీరు. ఆ యంత్రం మిగతా రసాయనాల్ని నీటితో పోల్చి లెక్కగడుతుంది. నీరెక్కువైతే తక్కినవన్నీ వెలవెలబోతాయి. మధ్యాహ్నానికి నివేదిక వచ్చింది. "సదరు ఉద్యోగినికి కార్యదక్షత అడుగంటినది. మెదడు యావత్తు నీరు చేరియున్నది. బదిలీ నిరాకరించడమైనది. పిల్లలకు పాఠములు చెప్పుటకు తగునా లేదా అను విషయమై విచారించి, నిర్బంధ పదవీ విరమణకు సిఫార్సు చేయడమైనది."

సుభాషిణి రెండుసార్లు చదివింది. "ఏవండీ, నా తల లోపలికే వెళ్ళలేదు. నేను పైకప్పు మీద బల్లిని చూస్తూనే ఉన్నాను. మీరు కొలిచింది దేన్ని?"

గవర్రాజు చెప్పాడు. మొదటినుంచీ చెప్పాడు. సలహా దగ్గరకి వచ్చేసరికి, ఎవరిచ్చారో చెప్పకుండా దాటేశాడు.

"ఆ సలహా ఇచ్చిన మహానుభావుడెవరు?"

గవర్రాజు వేలితో తనవైపే చూపించుకున్నాడు.

"అనుకున్నాను!" అంది సుభాషిణి. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే సామెతనుకున్నానండీ. మీరు దానికో ఆఫీసు కట్టించారు. నా ఉద్యోగం పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకే కుక్కర్లో గాలి వండుకుందామా?" కోపంగానే మొదలుపెట్టింది గానీ చివరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి గవర్రాజుకి తనమీద తనకే అసహ్యం వేసింది. జీవితంలో మొదటిసారి ఎవరూ ఏమీ అడగకుండానే లేచి, భార్య చెయ్యి పట్టుకుని, డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, మా ఆవిడ తలని కొలవాలండి. తలంటే తలేనండి" అన్నాడు.

"ఉత్తరమునకు తలయా!" డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. పక్కనే కూర్చున్న సిద్ధాంతి గారు చెవులు మూసుకున్నారు. "అమ్మా, ఉత్తరానికి తల పెట్టిన ఏనుగు గతి తెలుసుగా?"

"బాగా తెలుసండి. ఆ తల తీసుకెళ్ళి ఎవరికి పెట్టారండీ?" అంది సుభాషిణి.

"ఎవరికేమిటమ్మా, విఘ్నేశ్వరుడికి."

"చదువుకునే పిల్లలు పుస్తకాలు ఎవరి ముందు పెట్టి దణ్ణం పెడతారండీ?"

సిద్ధాంతి గారు దిక్సూచి జేబులో పెట్టుకున్నారు. "విఘ్నేశ్వరుడి ముందే."

"అంటే ఉత్తరానికి పెట్టిన తలే కదండీ లోకానికి చదువు చెబుతున్నది? మా పిల్లలకి నేనూ చదువు చెప్పాలి. నా తలా ఉత్తరానికే పెట్టండి. పోతే నాదే పోతుంది."

కాదంటే విఘ్నేశ్వరుణ్ణి కాదన్నట్టవుతుంది. సిద్ధాంతి గారు లెంపలేసుకుని, "ఒక్కసారికి దోషం లేదు" అన్నారు. డైరెక్టరు గారు "ప్రత్యేక సందర్భముగా పరిగణించి" అని రాసి సంతకం పెట్టారు.

ఆ సంస్థ పుట్టాక మొదటిసారి ఒక తల ఆ గొట్టంలోకి వెళ్ళింది. సుభాషిణి కదలకుండా పడుకుంది. గవర్రాజు ఆవిడ మెదడులో చోటు ఎంచి, అయస్కాంతాన్ని సరిచేసి, నీటి సంకేతం చూసుకుని, బొత్తాం నొక్కాడు. తెరమీద గీత లేచింది. ఇన్నాళ్ళూ చదునుగా పడున్న చోట, ఎన్.ఏ.ఏ. గీత నిటారుగా, అన్నిటికంటే ఎత్తుగా నిలబడింది. చదువుకున్న చదువంతా ఆ ఒక్క గీతలో కనపడి గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమిటయ్యా ఆ ధ్వజస్తంభము?" అన్నారు వెనకనుంచి డైరెక్టరు గారు.

"ఎన్.ఏ.ఏ. అండి. నాడీకణాలున్నాయనడానికి గుర్తండి."

"మన శాఖలో ఎవరికీ లేదే?"

"లేదండి."

"నాకు?"

"తమకీ లేదండి."

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అనగా ఈవిడలో ఏదో అదనముగా ఉన్నదన్నమాట" అన్నారు. "మరల కొలువుము."

మళ్ళీ కొలిస్తే అంకె కాస్త మారింది. తల కదా, కాస్త కదిలి ఉంటుంది. "చూచితివా? నిలకడ కూడా లేదు. తల ఉన్నచోట ఖచ్చితత్వముండదని నేను మొదటినుండి చెప్పుచునే ఉన్నాను."

ఖచ్చితత్వ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "సదరు ఉద్యోగిని శిరస్సునందు మెదడు ఉన్నట్లు ప్రాథమికముగా తెలియవచ్చుచున్నది. ఇది అంటుకొను స్వభావము గలదా కాదా తేలవలసియున్నది. పిల్లలతో మెలగు ఉద్యోగము గనుక విషయము మిక్కిలి సున్నితము" అని తీర్మానం రాసుకున్నారు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నారు డైరెక్టరు గారు.

గవర్రాజు నోరు గట్టిగా మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు. కానీ అంత బంగారంలాంటి సలహా నాలుక మీద కూర్చుంటే ఎంతసేపని ఆపుతాడు? పైగా ఈసారిది తన కాపురం నిలబెట్టే సలహా.

"సార్, అంత ప్రమాదమైనప్పుడు ఆవిడని దూరంగా పలాసలో వదిలేస్తే ఎలాగండి? మన సంస్థ ఎదురుగా ఉన్న హైస్కూలుకి బదిలీ చేయించి, ఎప్పుడూ మన కళ్ళముందే పరిశీలనలో పెట్టుకుంటే మంచిదండి."

"అద్భుతము!" డైరెక్టరు గారు బల్ల గుద్దారు. "గవర్రాజూ, నీ బుర్ర అమోఘమయ్యా!" అక్కడికక్కడే ఉత్తర్వు టైపు చేయించారు. గవర్రాజు మనసులోనే కుక్కరు కొనేశాడు. ఇంతలో డైరెక్టరు గారు కలం ఆపి తలెత్తారు.

"అయితే ఒక చిక్కు. పరిశీలించవలసిన మాపనాధికారి ఆమెకు భర్త అగుచున్నాడు. భార్యను భర్త నిష్పక్షపాతముగా పరిశీలించుట సృష్టిలో లేదు. కావున నిన్ను ఇక్కడ ఉంచుటకు వీలులేదయ్యా."

"మరి యంత్రం ఎవరు నడుపుతారండీ?" గవర్రాజు గొంతు కీచుమంది.

"మోకాలు చూచుటకు ఫిజిక్సెందుకయ్యా? మర్దన కేంద్రము వారితో మాట్లాడెదను. ఇక నీ సంగతి. ప్రస్తుతము శాఖలో ఖాళీ ఒక్కటే కనబడుచున్నది. లెక్కల టీచరు, పలాస."

రెండు ఉత్తర్వులూ ఒకే కవరులో వచ్చాయి.

బదిలీ రోజు ఇద్దరూ సామర్లకోట స్టేషన్లో కలుసుకున్నారు. ఆవిడ సామాను దింపుకుంది, ఇతను సామాను ఎక్కించుకోవాలి. ఆవిడ జీడిపప్పు పొట్లం ఇవ్వబోయి, అక్కడికే వెళుతున్నాడుగా అని వెనక్కి తీసుకుంది. ఇతను కాజాల పెట్టె ఇవ్వబోయి అలాగే ఆగిపోయాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

"చివర్లో మళ్ళీ ఎవరండీ సలహా ఇచ్చింది?" అంది సుభాషిణి.

"నువ్వు కాకినాడ వస్తావు కదా అని..." అన్నాడు గవర్రాజు, కాజాల పెట్టె చేతులు మార్చుకుంటూ.

"చెవి పట్టుకోండి."

"ఇక్కడా?"

"రెండో చెవి కూడా. ఇంకెప్పుడూ, ఎవరు అడిగినా, ఏం చేద్దామన్నా సలహా ఇవ్వనని చెబుతూ తియ్యండి గుంజీలు."

గవర్రాజు పెట్టె కింద పెట్టాడు. చెవులు రెండూ పట్టుకుని, "ఇవ్వను" అంటూ కూర్చున్నాడు, "ఇంకెప్పుడూ ఇవ్వను" అంటూ లేచాడు. మోకాళ్ళు కిర్రుకిర్రుమన్నాయి. సుభాషిణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చూస్తూ నిలబడింది.

టీ తాగుతున్న పెద్దమనిషి ఒకాయన ఆ దృశ్యం చూసి పక్కాయన్ని మోచేత్తో పొడిచాడు.

"చూశారా, పాపం ఎంత తాపత్రయమో! ఏదో పెద్ద ప్రమోషన్‌కే తయారవుతున్నట్టున్నాడండి."